పద్యంలో బట్ట, బట్ట మీద చెయ్యి

చీరాల పక్క నేతగాళ్ల వీధిలో పుట్టాను. గుంటమగ్గం ఉన్న గదిలోనే నా చదువు సాగింది. నాన్న నేస్తుంటే అమ్మ కండెలు చుట్టేది, నేను గోడకానుకుని పద్యాలు వల్లెవేసేవాణ్ణి. తర్వాత 34 ఏళ్లు కాలేజీలో తెలుగు చెప్పాను. ఇప్పుడు నాకు 78. మొన్న నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు తనూ లెక్చరరే. "మాస్టారూ, మా పిల్లలకి పాత కావ్యాల్లో బట్టల గురించి ఒక గంట చెప్పండి" అంది. గంటలో చెప్పే ఓపిక లేదు, దగ్గు. అందుకని అంకెలు వేసుకుంటూ ఇలా రాసి పంపుతున్నాను. ఒక అంకె కింద ఎక్కువ, ఇంకో అంకె కింద తక్కువ ఉంటే సర్దుకోండి.

1. రంగు చూసే ముందు చెయ్యి చూడండి

మొదటి పదేళ్లు క్లాసులో నేను చెప్పింది తలుచుకుంటే సిగ్గేస్తుంది. తెలుపంటే సత్త్వం, ఎరుపంటే అనురాగం, పసుపంటే శుభం, కాషాయమంటే విరక్తి అంటూ బోర్డు మీద పట్టిక గీసేవాణ్ణి. పరీక్షలకు అది బాగానే పనికొచ్చింది. పద్యం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసేది.

ఒక వేసవి సెలవుల్లో ఇంట్లో కూర్చుని సభాపర్వం పైకి చదువుకుంటున్నాను. ద్రౌపది ఘట్టం. నాన్న మగ్గం ఆపి, "ఆ చీర ఎవరిచ్చార్రా ఆమెకి?" అన్నాడు. దేవుడిచ్చాడన్నాను. "అది తర్వాతి మాట. ఒంటి మీదున్నది ఎవరిచ్చారు? మొగుడేగా. మరి లాగేటప్పుడు ఆయన చేతులెక్కడున్నాయి?"

ఆ ప్రశ్న దగ్గర నా పట్టిక చెరిగిపోయింది. ఆమె రజస్వల, ఒంటి మీద ఒక్కటే బట్ట. ఆ బట్ట ఏ రంగుదైతేనేం? సభలో ఎవరి చెయ్యి ఎక్కడుందో చూస్తే కథంతా తెలిసిపోతుంది. వ్యాసుడి మూలంలో ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది దాటేస్తారు. పాండవుల బట్టలూ ద్రౌపది బట్టా ఊడ్చమని కర్ణుడు అనగానే, ఐదుగురూ తమ ఉత్తరీయాలు తామే తీసి పక్కన పడేసి కూర్చున్నారు. మగవాళ్ల బట్టలు వాళ్ల చేతులతోనే ఊడాయి. ఆమెది మాత్రం ఇంకొకడు, దుశ్శాసనుడు, ఎంత లాగినా ఊడలేదు. రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ 11వ శతాబ్దంలో తెలుగు చేయడం మొదలుపెట్టిన కావ్యంలో జనానికి ఎక్కువగా గుర్తుండిపోయిన ఘట్టం ఇదే. అంటే మన కావ్యచరిత్ర తొలి మలుపులోనే ఒక బట్ట ఉంది, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి ఉంది.

అప్పటినుంచీ ఏ పద్యంలో బట్ట కనిపించినా నాన్న ప్రశ్నే వేసుకుంటున్నాను. ఎవరిచ్చారు, ఎవరు కట్టారు, ఎవరు లాగారు, ఎవరు వదల్లేదు.

2. బొమ్మల బట్టలను తేలిగ్గా తీసుకోకండి

నా దృష్టిలో తెలుగు భారతంలో బట్టకు సంబంధించిన గొప్ప ఘట్టం సభాపర్వంలోది కాదు, విరాటపర్వంలోది. నన్నయ తర్వాత భారతాన్ని చేపట్టిన తిక్కన 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి దగ్గర ఉన్నవాడు. ఆయన మొదలుపెట్టిందే విరాటపర్వంతో.

కౌరవులు ఆవుల్ని తోలుకుపోతున్నారు. ఉత్తర కుమారుడు బృహన్నలను సారథిగా పెట్టుకుని బయల్దేరుతున్నాడు. అప్పుడు ఉత్తర, ఆ చిన్నపిల్ల, తనకు నాట్యం నేర్పే బృహన్నలతో ఒక కోరిక చెబుతుంది. యుద్ధంలో గెలిచి వాళ్ల బట్టలు తెచ్చిపెట్టు, నా బొమ్మలకు కట్టుకుంటాను అని. ఆ బొమ్మల బట్టలకు తిక్కన వాడిన మాట 'బొమ్మపొత్తికలు'. క్లాసులో ఈ మాట దగ్గర పిల్లలు ఎప్పుడూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వనిచ్చేవాణ్ణి.

యుద్ధం చివర్లో, బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తాడు. అందరూ ఒరిగిపోయాక ఆ పిల్ల అడిగింది గుర్తుపెట్టుకుని, వెళ్లి బట్టలు తెమ్మని ఉత్తరుణ్ణి పంపుతాడు. మూలంలో రంగులతో సహా చెబుతాడు. ద్రోణుడివీ కృపుడివీ తెల్లనివి, కర్ణుడిది పచ్చనిది, అశ్వత్థామదీ దుర్యోధనుడిదీ నీలం. భీష్ముడి జోలికి వెళ్లొద్దంటాడు, ఆయనకు ఆ అస్త్రానికి విరుగుడు తెలుసు కనుక.

ఇప్పుడు లెక్క చూడండి. నిండు సభలో ద్రౌపది బట్ట ఊడ్చమన్నది కర్ణుడు. 13 ఏళ్లు గడిచాక అదే కర్ణుడి ఒంటి మీది బట్టను అతనికి తెలియకుండానే ఒక కుర్రాడు ఊడ్చుకుపోయాడు. బాణాలతో తీర్చుకోవలసిన పగ ఇంకా ముందుంది. ఈలోగా ఈ చిన్న పగ ఒకటి బొమ్మల పెట్టెలోకి చేరింది. ద్రౌపది అప్పటికి సైరంధ్రిగా అదే అంతఃపురంలో ఉంది. ఆ పొత్తికలు ఆమె కంట పడ్డాయో లేదో! ఈ అనుమానం నాది, కవి మీద వెయ్యడం లేదు.

ఇంకో మెలిక ఉంది. చివరి ఐదారేళ్లే దాన్ని క్లాసులో చెప్పాను, ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఆ బొమ్మల పిల్లే కొద్దిరోజుల్లో అభిమన్యుడి భార్య అవుతుంది. కురుక్షేత్ర యుద్ధం 13వ రోజున విధవ అవుతుంది, కడుపులో పరీక్షిత్తు. బొమ్మలకు కట్టిన ఆ బట్టల సొంతదారుల్లో ద్రోణుడు, కర్ణుడు, కృపుడు, అశ్వత్థామ ఉన్నారు. పద్మవ్యూహంలో ఆమె మొగుణ్ణి చుట్టుముట్టినవాళ్లలోనూ వాళ్లే ఉన్నారు. తిక్కన ఈ రెండు చివరలనూ కలిపి ముడి వేసి చూపించలేదు. దారం అలా వదిలేశాడు. చదివేవాడు వేలికి చుట్టుకోవాలి.

3. చీర అనగానే ఆడమనిషిని ఊహించుకోకండి

పాత తెలుగులో చీర అంటే బట్ట, అంతే. రాముడు కట్టింది నారచీర. కోకా అంతే, మగవాళ్లూ కోక చుట్టేవారు. పుట్టం, వలువ, పచ్చడం, పాగ ఇలా ఎన్నో ఉన్న చోట ఇప్పుడు మనకు మిగిలినవి తక్కువ, మిగిలినవాటికీ అర్థాలు ఇరుకైపోయాయి. ఓసారి ఒక కుర్రాడు జవాబు పత్రంలో 'శ్రీనాథుడు స్త్రీ వేషంలో రాజసభకు వెళ్లెను' అని రాశాడు. మార్కులు తీసేశాను. తర్వాత ఆలోచిస్తే తప్పు నాదే, నిఘంటువు చూడమని చెప్పకుండా పద్యం చెప్పాను.

4. అరువు బట్ట బరువు

ఆ కుర్రాడు బోల్తాపడ్డ పద్యం సంగతి. శ్రీనాథుడిదని తరతరాలుగా చెప్పుకుంటున్న చాటువు అది. రెండో దేవరాయలు, అంటే మనం ప్రౌఢ దేవరాయలు అంటామే ఆయన, 1424 నుంచి 1446 దాకా విజయనగరాన్ని ఏలాడు. కొండవీటి రెడ్ల కొలువులో విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడు ఆ రాజు దర్శనం కోసం అక్కడికి వెళ్లాడు. దొరకలేదు. అప్పుడు కన్నడ రాజ్యలక్ష్మినే తల్లీ అని పిలిచి మొరపెట్టుకున్నాడు. ఆ మొరలో మొదట వచ్చేవి బట్టలే. నెత్తిన కుళ్ళాయి పెట్టాడట, కోక చుట్టాడట, ఒళ్లంతా కప్పే పెద్ద కూర్పాసం తొడిగాడట. ఆ తర్వాతే అలవాటులేని తిండి గోల, వెల్లుల్లీ నువ్వుల పిండీ.

కవిసార్వభౌముడు అనిపించుకున్న మనిషి ముందు టోపీ గురించి ఎందుకు ఏడ్చాడు? నేను ఉద్యోగం ఇంటర్వ్యూకి మా పినతండ్రి కొడుకు కోటు అడిగి వేసుకెళ్లాను. చేతులు నాలుగంగుళాలు పొడుగు. అడిగిన ప్రశ్నలకన్నిటికీ జవాబులు చెప్పాను గానీ, మనసంతా ఆ చేతులు పైకి లాక్కోవడం మీదే ఉంది. బయటికొచ్చి కోటు విప్పాక గానీ నా పేరు నాకు గుర్తురాలేదు. ఆ చాటువు చివర్లో కవి తన పేరు చెప్పుకోవడం ఎందుకో నాకు ఆ రోజే అర్థమైంది. ఇన్ని తొడిగాక, లోపలున్నది తానేనని గుర్తు చేయాలి కదా.

మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మిత్రుడొకడు స్టాఫ్‌రూమ్‌లో ఈ మాట విని, చాసర్ రాసిన గ్రిసెల్డా కథ చెప్పాడు. శ్రీనాథుడికి కాస్త ముందటి కాలం. బొకాచియో, పెట్రార్క్ చెప్పిన కథనే చాసర్ ఇంగ్లీషు పద్యాల్లో పెట్టాడు. ఒక ప్రభువు కూలివాడి కూతుర్ని పెళ్లాడతాడు. తన ఇంటికి తీసుకుపోయే ముందు, ఆమె గుమ్మంలోనే ఆడవాళ్లచేత పాతబట్టలు విప్పించి పట్టుబట్టలు కట్టిస్తాడు. కొన్నేళ్లకు భార్య సహనాన్ని పరీక్షించాలన్న పిచ్చితో అవన్నీ తీసుకుని పంపేస్తాడు. నీ ఇంటికి నేను తెచ్చిన కన్నెతనానికి బదులు కనీసం ఒక లోచొక్కా ఇవ్వమని అడుగుతుంది ఆమె. వట్టికాళ్లతో, తల మీద ముసుగైనా లేకుండా తండ్రి ఇంటికి నడుస్తుంది. తండ్రి ఏడుస్తూ ఆమె పాత బట్ట తెచ్చి కప్పబోతాడు. అది ఇక కప్పదు, అంత పాతదైపోయింది. నాకు ఆ కథలో గుచ్చుకున్నది అక్కడే. ఇచ్చిన చెయ్యి తీసుకున్నా, మనం ముందు వదిలేసింది మళ్లీ మనకు పట్టదు.

5. అదే కుళ్ళాయి వందేళ్ల తర్వాత

కుళ్ళాయి అన్న మాట పర్షియన్ 'కులాహ్' నుంచి వచ్చింది. శ్రీనాథుడి నెత్తిన ముల్లులా ఉన్న ఆ టోపీ, కృష్ణదేవరాయల నాటికి రాజు నెత్తినే దర్జాగా కూర్చుంది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ రాయల్ని చూసి, బంగారు పూల పనితనం ఉన్న తెల్లబట్టల గురించి, పట్టు కుళ్ళాయి గురించి రాశాడు. కాళ్లకు చెప్పులు లేవని కూడా రాశాడు. లేపాక్షి కప్పు మీది బొమ్మల్లో మగవాళ్లను చూడండి, పొడుగు కుళ్ళాయిలే. తిరుమలలో రాయలు, ఇద్దరు రాణులు చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలున్నాయి కదా. అక్కడ రాయల నెత్తిన కుళ్ళాయి ఉంది, ఛాతీ మీద అంగరఖా లేదు. రాజసభకు తొడిగింది దేవుడి ముందు విప్పాడు, టోపీ మాత్రం ఉంచుకున్నాడు. ఇందులో ఎంత భక్తి, ఎంత రాచరికం అని తూచే ఓపిక నాకిప్పుడు లేదు. మీరు తూచండి.

6. కొంగు దగ్గర ఆగండి

కొంగుబంగారం, కొంగుముడి, కొంగు పట్టడం, కొంగు పరవడం. బట్టలో మిగతా భాగాలకు ఇన్ని మాటలు లేవు. నేతగాడికి కొంగు దగ్గరే పని ఎక్కువ, కవికీ అంతే. మా అమ్మ కొంగులో చిల్లర ఉండేది, మాత్రలుండేవి, ఒక్కోసారి నాకు ఇంకా చెప్పని కబురు ఉండేది.

పోతన దగ్గరికి రండి. కుచేలుడి భార్య అటుకులు ముడిచింది అతని చినిగిన బట్ట కొంగులోనే. చేలం అంటే బట్ట, కుచేలం అంటే చెడ్డబట్ట. సంస్కృత భాగవతంలో ఆ బ్రాహ్మడికి పేరే లేదు, ఆ విశేషణమే మనకు పేరైపోయింది. ఒక మనిషిని అతని చినిగిన బట్టతో పిలుస్తూ ఇన్ని వందల ఏళ్లు గడిపాం. సంపద వచ్చి పట్టుబట్టలు కట్టాక కూడా ఆయన కుచేలుడే. కృష్ణుడి చెయ్యి ఆ కొంగు మీదికి వెళ్లడం, ముడి విప్పడం, గుప్పెడు నోట్లో వేసుకోవడం, రెండో గుప్పెటికి రుక్మిణి చెయ్యి అడ్డం రావడం చూడండి. మొత్తం కథ చేతుల్లోనే జరిగింది. అడగడానికి వెళ్లినవాడు నోరు విప్పి ఏమీ అడగలేదు, ముడి విప్పినవాడు ఏమిచ్చాడో చెప్పలేదు.

గజేంద్ర మోక్షంలో ఇంతకంటే గొప్ప కొంగు ఉంది. అందరికీ కంఠతా వచ్చిన పద్యమే, కనుక చదవను. వైకుంఠంలో ప్రణయ కలహం. విష్ణువు చేతిలో లక్ష్మి పైట చెరగు ఉంది. అప్పుడు ఏనుగు మొర వినిపించింది. శంఖచక్రాలు తీసుకోలేదు, గరుత్మంతుణ్ణి పిలవలేదు, జుట్టు సవరించుకోలేదు, చెరగు కూడా వదల్లేదు. అలాగే పరిగెత్తాడు.

ఏళ్ల తరబడి నేను దీన్ని భక్తవాత్సల్యం అని చెప్పి ముగించేవాణ్ణి. ఒకసారి వెనక బెంచీ అమ్మాయి లేచి, "మాస్టారూ, దుశ్శాసనుడూ చీరే పట్టుకున్నాడు, ఈయనా చీరే పట్టుకున్నాడు. లక్ష్మిని అడిగాడా?" అంది. క్లాసంతా గప్‌చుప్. గంట కొట్టడంతో బతికిపోయాను. రాత్రంతా పుస్తకం ముందేసుకు కూర్చున్నాను. జవాబు పోతన ముందే రాసిపెట్టాడు. వెంటపడి వస్తున్న లక్ష్మి, ఏమైందని అడుగుదామని గబగబా నడుస్తుంది, అడిగితే చెప్పడేమోనని తడబడి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఆమె అడుగుల్ని పోతన ఒక పద్యంలో పెట్టాడు. నన్నయ సభలో ద్రౌపది గొంతెత్తి ధర్మం అడిగింది. పోతన వైకుంఠంలో లక్ష్మి నోటి దాకా వచ్చిన ప్రశ్నను నడకలో దాచుకుంది. మర్నాడు ఆ అమ్మాయికి ఇది చెప్పాను. "అయితే అడగలేదన్నమాట" అని కూర్చుంది. ఆ మాటను కొట్టేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

7. సూర్యుడు నగ అయిన చోటు

ఇది చిన్నది. వామనుడి ఉపనయనానికి భూమి జింకచర్మం ఇచ్చింది, కశ్యపుడు ముంజి, బృహస్పతి జందెం, తల్లి అదితి గోచి, చంద్రుడు దండం, ఆకాశం గొడుగు. లోకమంతా కలిసి ఒక పిల్లాడికి బట్టలు పెట్టినట్టు ఉంటుంది. ఆ తర్వాత అతను పెరుగుతుంటే ఎంత పెరిగాడో పోతన కొలబద్దతో చెప్పడు. సూర్యబింబం మొదట గొడుగు, తర్వాత తలమీది మణి, చెవికమ్మ, కంఠహారం, భుజకీర్తి, కంకణం, మొలగంట, కాలి అందె, చివరికి పాదపీఠం. నగ ఒకటే, ఒళ్లే పైకి పోతోంది. ఇంతకు మించి ఏ వ్యాఖ్యానం చేసినా పద్యం పాడవుతుంది.

8. నేసినవాడెక్కడ?

ఇది నా సొంత బాధ, నిష్పక్షపాతం ఆశించకండి.

కావ్యాల్లో బట్టల పేర్లకు కొదవ లేదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో వెంజావళి, జయరంజి, మంచుపుంజం, మణిపట్టు అంటూ వరస పెడతాడు. చదువుతుంటే బట్టల కొట్లో నిలబడ్డట్టుంటుంది. హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి ఓడల మీద తెప్పించిన సరుకుల్లో శ్రీనాథుడు చీనాంబరాలను కూడా లెక్కవేశాడు. మరి మన రేవు నుంచి బయటికి పోయిన బట్టల మాట? 13వ శతాబ్దం చివర్లో మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలో ఈ దేశపు సన్నబట్టల్ని సాలెగూడుతో పోల్చి, ఏ రాజూ రాణీ వద్దనరన్నాడు. మోటుపల్లి మా ఊరికి దూరమేమీ కాదు. నాన్నకు ఇది చదివి వినిపిస్తే, "సాలెగూడు అన్నాడు గానీ సాలెవాడి పేరు రాశాడా?" అన్నాడు.

పల్నాడు మీద శ్రీనాథుడిదని చెప్పే చాటువులో రంభ అయినా సరే అక్కడ ఏకులు వడకాల్సిందే అని వెటకారం. అందరూ నవ్వుతారు. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మా అమ్మ వడికేది కాదు గానీ కండెలు చుట్టేది. వేళ్లు కోసుకుపోయేవి.

నేతగాడు పాత్రగా కావాలంటే శివకవుల దగ్గరికి, భక్తుల దగ్గరికి పోవాలి. బసవపురాణంలో జేడర దాసయ్య కథ ఉంది. జేడర అంటేనే నేత. ఎంతో కష్టపడి నేసిన బట్టను శివుడు జంగమ వేషంలో వచ్చి అడిగి తీసుకుని, ఆయన కళ్లముందే చింపేశాడు. దాసయ్య కోప్పడలేదు. తవనిధి, అంటే తరగని నిధి, దొరికింది. దేవాంగులు ఆయన్ను ఇప్పటికీ కొలుస్తారు. నాకు మాత్రం తవనిధి కంటే ఆ చింపిన చప్పుడే ఎక్కువ వినబడుతుంది. నేసినవాడు ఇచ్చిన బట్టను పుచ్చుకున్నవాడు చింపుతుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో, తయారైన చీర మీద మరక ఉందని మజూరీ కోసేసిన షావుకారు ముందు నిలబడ్డవాడికి తెలుస్తుంది. మా నాన్న అలా నిలబడగా చూశాను. ఆయనకు తవనిధి రాలేదు.

12వ శతాబ్దపు వీరశైవుల్లో అక్కమహాదేవి బట్టనే వదిలేసి జుట్టు కప్పుకుని నడిచింది. 15వ శతాబ్దపు కాశీలో మగ్గం మీద బతికిన కబీరు ఈ ఒంటినే పల్చటి దుప్పటి అన్నాడని ఆయన పేరు మీది పాటలు చెబుతాయి. ఒకరు బట్ట అక్కర్లేదన్నారు, ఒకరు ఒళ్లే బట్ట అన్నారు. ఇద్దరూ ఇచ్చే చేతిని, లాగే చేతిని తప్పించుకున్నారు.

9. శుక్రవారం

ఒకటి మిగిలింది. అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా బతికాడంటారు. ఆయన కీర్తనల్లో తిరుమల శుక్రవారం అభిషేకం కళ్లకు కట్టినట్టు చెప్పినదొకటి ఉంది. వారమంతా పట్టుపీతాంబరాలతో, మోయలేనన్ని నగలతో నిలబడ్డ స్వామి ఆ రోజు అవన్నీ పక్కన పెట్టించి, ఒంటికి ఒక్క గోణం కట్టుకుంటాడు. గోణం అంటే గోచిగుడ్డ. కర్పూరం, పునుగు అన్నీ ఆ తర్వాత. వామనుడికి అదితి ఇచ్చింది కూడా అదే గుడ్డ అని నాకు రిటైరయ్యాక తట్టింది.

నాన్న పోయే ముందు సంవత్సరం ఈ కీర్తన పాడి వినిపించాను. అర్థం చెప్పాను. కాసేపు ఆలోచించి అన్నాడు. "పట్టుపంచెలు నేసి పంపేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. శుక్రవారం గోణం ఎవరు నేస్తార్రా?"

నా జవాబు కోసం ఆగలేదు. గుంటలో కాళ్లు పెట్టి నాడె విసిరాడు.